పదకొండుసార్లూ కత్తెరే

సూర్యాపేట కొత్త బస్టాండు దగ్గర టైర్ల దుకాణం పైఅంతస్తులో ఒక చిన్న కేబుల్ ఛానల్ ఆఫీసు. 2014 మార్చి నెల, మునిసిపల్ ఎన్నికలకు ఇంకా వారం ఉంది. ఛానల్ వెబ్‌సైటు పని చూసే కోదాడ అమ్మాయి పుష్పలత ఎదురుగా, ఆ ఛానల్ యజమానీ నిచ్చెన గుర్తు మీద వార్డు అభ్యర్థీ అయిన ధనుంజయ్ తన ఫోను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

“మల్ల కత్తెరే వచ్చింది.”

“ఎవరికి సార్?”

“ఎవలికో. నువ్వు ముందుగాల దీన్ని సూడు.”

“ఇది మీ ఫోనే కదా సార్.”

“ఫోను నాదే. నొక్కింది మా అమ్మ.”

“సత్తమ్మగారికి చదువు రాదు కదా సార్.”

“నేను సదివిన, ఆమె నొక్కింది.”

“పోనీలెండి. క్విజ్‌లో కత్తెర వచ్చినా ఆమె ఓటు మీకే వేస్తారు.”

“పదకొండుసార్లు వచ్చింది పుష్పా.”

“ఆమె పదకొండుసార్లు నొక్కారా?”

“నేనే నొక్కిన. ఇప్పుడు సంబురమా?”

“నేనేం అనలేదు సార్.”

“అనకున్నా నీ మొకంల ఉన్నది. జర తలుపు దగ్గరికెయ్యి. బయట దేవ్‌సింగ్ కూసున్నడు. రిపోర్టర్ల చెవులు మంచియి కావు.”

“వేశాను. చెప్పండి.”

“ఏం చెప్పాలె? వార్డు నాది. ఛానల్ నాది. వెబ్‌సైటు నాది. ‘మీ ఓటు ఎవరికి’ అని పన్నెండు ప్రశ్నలు పెట్టిచ్చింది నేను. అండ్ల నేను నొక్కితే అదేమంటున్నది? ‘మీ ఆలోచనలకు దగ్గరి అభ్యర్థి రాకేష్, కత్తెర గుర్తు.’ పైకెల్లి పూలు గూడ రాలుతున్నయ్ వాని పేరు మీద.”

“పూలు ఎవరి పేరు వచ్చినా రాలుతాయి సార్. ఆ బొమ్మ అందరికీ ఒకటే.”

“నా పేరు మీద రాలుతుంటే నేను ఇంతవరకు సూడలే.”

“సార్, దీని సంగతి మీకు ముందే చెప్పాల్సింది. మీరేమో సోమవారం పొద్దునకల్లా పెట్టాలన్నారు, నాకేమో ఇంకా—”

“పెట్టినవ్ గదా. మంచిగనే పెట్టినవ్. పరేషాన్ గాడనే ఉన్నది. నిన్న చాయ్ హోటల్ల నేను మూలకు కూసున్న, ఎవలు సూడలే. పక్క బల్ల మీద మాట్లాడుకుంటున్నరు. ఏమన్నరో తెల్సా?”

“ఏమన్నారు?”

“‘ధనుంజయ్ ఛానల్ల వార్తలన్నీ వాని డబ్బానే. గా క్విజ్ ఒక్కటి నిజం చెప్తది’ అన్నరు. ‘ఓనరే నిలబడ్డా గూడ సగం మందికి కత్తెర చూపిస్తున్నది, సగం మందికి నిచ్చెన చూపిస్తున్నది, గింత న్యాయం యాడుంటది’ అన్నరు. పన్నెండేండ్లు ఛానల్ నడుపుతున్న పుష్పా. నా ఛానల్‌ను ఒక మంచిమాట అన్నది నిన్ననే ఇన్న.”

“సగం సగం వస్తోందంటున్నారా?”

“నువ్వే గదా లెక్క సూసేది.”

“అవును సార్. సగం సగమే.”

“మరి నన్నెందుకు అడుగుతున్నవ్?”

“ఊరికే అడిగాను. మార్చమంటే మారుస్తా సార్. ఎవరు నొక్కినా నిచ్చెనే వచ్చేలా—”

“వద్దు. మిర్యాలగూడల ఒకడు గట్లనే చేసిండు. ఏది నొక్కినా ఒక్కటే గుర్తు. ఒకామె ‘గా పార్టీని మా వాడకట్టుకు రానియ్య’ అని నొక్కిందట. ‘అభినందనలు, మీకు తగిన పార్టీ అదే’ అన్నదట. ఊరు ఊరంత నవ్విండ్రు. మనదాన్ని ముట్టుకోకు.”

“మరి మీకేం కావాలి సార్?”

“నాకొక్కనికి నిచ్చెన రావాలె.”

“మీ పార్టీ మేనిఫెస్టో చూసి నొక్కండి సార్.”

“ఏడోసారికెల్లి గదే చేసిన. కాయితం పక్కన పెట్టుకున్న. పన్నెండుకు పన్నెండు పార్టీ మాటే నొక్కిన. అయినా కత్తెరే.”

“అయినా కత్తెరేనా?”

“అబద్ధం నొక్కితే కనిపెడ్తున్నది.”

“సార్, కంప్యూటర్‌కి అలాంటివేమీ—”

“కనిపెడ్తది. నువ్వు ఎంసీఏ సదివినవ్. ఏదో తెలివి పెట్టినవ్ అండ్ల.”

“నేనేం పెట్టలేదు సార్.”

“పెట్టినోళ్ళు గట్లనే అంటరు.”

*

రెండు రోజుల తర్వాత సాయంత్రం వార్డులో నిచ్చెన పార్టీ సభ పెట్టింది. సభ మొదలయ్యే వేళకు వాన పడింది. రిపోర్టర్ దేవ్‌సింగ్ కెమెరాను చొక్కా లోపల దాచుకుని తడిసిపోయి ఆఫీసుకు వచ్చాడు. రాత్రి ఏడు గంటల వార్తలకు పుష్పలత టైపు చేస్తూంటే ధనుంజయ్ ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

“అన్నా, నలభై మూడు మంది.”

“స్టేజీ మీదనా దేవ్‌సింగ్?”

“స్టేజీ మీద ఇరవై ఆరు మంది అన్నా. కింద పదిహేడు.”

“కుర్చీలు?”

“ఐదొందలు. కుర్చీలైతే మస్తుగ వచ్చినయ్.”

“పుష్పా, రాసుకో. ‘జనసంద్రమైన సూర్యాపేట.’”

“ఎన్ని వేల మంది అని రాయమంటారు సార్?”

“అంకె వద్దు. అంకె పెడ్తే ఎవడన్న లెక్కపెడ్తడు. ‘వానను సైతం లెక్కచేయకుండా’ అని పెట్టు.”

“పెట్టాను. బొమ్మలు?”

“బొమ్మలు తియ్యలే అన్నా. తీస్తే కుర్చీలొస్తయ్. కుర్చీలొస్తే నువ్వు తిడ్తవ్.”

“మంచిపని చేసినవ్ దేవ్‌సింగ్. పుష్పా, నిరుడు పెద్దగట్టు జాతరకు తీసింది ఉన్నది గదా, జనం గుట్టెక్కేది. గది ఎయ్యి.”

“సార్, అందులో గొర్రెలున్నాయి.”

“దూరంకెల్లి తీసింది ఎయ్యి.”

“దూరం నుంచి తీసినదాంట్లో ఇంకా ఎక్కువున్నాయి సార్. ఇదిగో, ఈమె నెత్తిన బోనం కూడా ఉంది. చేతిలో గొర్రెపోతు.”

“కింద ‘గొర్రెల కాపరుల సంపూర్ణ మద్దతు’ అని రాయి.”

“వానతో ఇంకో చిక్కుంది సార్.”

“ఏం వాన?”

“వానను లెక్కచేయకుండా అని రాశాం. ఇక్కడ చూస్తే ఎండ దంచేస్తోంది.”

“‘వాన వెలిసిన తర్వాత’ అని మార్చు.”

“మార్చాను. వేసేస్తున్నా సార్.”

“అన్నా, ఒక్క నిమిషం. మిర్యాలగూడ ఛానల్ పెట్టి సూడు.”

“ఏమైంది దేవ్‌సింగ్?”

“కత్తెరోళ్ళ సభ చూపిస్తున్నరు. జనం మస్తున్నరు.”

“వాన పడ్డది గదా. వాళ్ళకెట్ల వచ్చిండ్రు?”

“గదే జనం అన్నా. గదే ఆమె. గదే గొర్రె.”

“మన జాతరనా?”

“నిరుడు మనమే వాళ్ళకిచ్చినం గదన్నా, భక్తి ప్రోగ్రాంకు.”

“ముందుగాల ఎవలేసిండ్రు, మనమా వాళ్ళా?”

“ఇద్దరం ఒకేసారి వేశాం సార్. ఇప్పుడు రెండు ఛానళ్ళలోనూ ఆమె గుట్టెక్కుతోంది.”

“గామె ఎవలు? మన వార్డేనా?”

“మునగాల ఆమె అన్నా. ఈడ ఓటే లేదు. ఇప్పుడే ఫోన్ చేసింది.”

“కేసు పెడ్తదట్నా?”

“లేదన్నా. గా పోతును జాతర్లనే కోసిండ్రట. మల్ల కండ్లసూడ దొరుకుతదనుకోలే అన్నది. రేపు గూడ ఎయ్యమన్నది.”

“ఎయ్యద్దు. తియ్యి దాన్ని. పుష్పా, సభ వార్త పడ్డంక క్విజ్ల ఏమన్న మారిందా? నిచ్చెన జర పెరిగిందా?”

“లేదు సార్. సగం సగమే.”

“గట్టిది. ఏ వార్త ఏసినా కదులుత లేదు.”

*

పోలింగ్ మూడు రోజుల్లోకి వచ్చింది. ఆ పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికే ధనుంజయ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ప్రశ్నలు పైకి చదవమని పుష్పలతను అడిగాడు. తను నోటితో చెప్తాడట, ఎక్కడ తప్పుతున్నదో ఇద్దరూ కలిసి పట్టుకోవాలట.

“మొదటి ప్రశ్న సార్. ‘మీ వార్డుకు ముందు ఏం కావాలి? సిమెంటు రోడ్డా, మురుగు కాల్వా?’”

“మోరీ.”

“మీ పార్టీ రోడ్డు అంటోంది సార్.”

“మోరీ లేకుంట రోడ్డేస్తే ఆర్నెల్లకు మల్ల తవ్వుడే. గింత సంగతి ఎవలకు తెల్వది? ఇంకోటి సదువు.”

“‘చెత్త బండి రోజూ రావాలా, రెండు రోజులకోసారి చాలా?’”

“రోజూ.”

“రెండు పార్టీలూ రోజూ అనే అన్నాయి.”

“మరి గా ప్రశ్న ఎందుకు పెట్టినవ్?”

“పన్నెండు ఉండాలని మీరే అన్నారు. తొమ్మిది దొరికాయి. మిగతా మూడూ ఇలాంటివే.”

“సరే. ఇంకోటి.”

“‘మీ కౌన్సిలర్ ఎలాంటివాడై ఉండాలి? వార్డు మనిషా, బాగా చదువుకున్నవాడా, మంచి వ్యాపారస్తుడా?’”

“వార్డు మనిషి.”

“మీరూ రాకేష్ గారూ ఒకే గల్లీ కదా సార్.”

“మా గోడకు వాళ్ళ గోడ. వాని పెండ్లికి పందిరి ఏసింది నేనే. అది గాదు గానీ, ఏడో ప్రశ్న సదువు.”

“నాలుగోది చదవాలి సార్ ఇప్పుడు.”

“ఏడోది సదువు పుష్పా.”

“‘పాత కూరగాయల అంగడిని బైపాస్ పక్కకు మార్చాలా, ఉన్నచోటనే ఉంచాలా?’”

“ఇనపడ్డది.”

“మీ పార్టీ మార్చాలంటోంది. అదే నొక్కనా?”

“బైపాస్ పక్కపొంటి ప్లాట్లు ఎవలియో నీకు తెల్సా?”

“తెలియదు సార్.”

“తెల్వకుంటనే మంచిది.”

“అయితే మార్చాలి అని—”

“ఆగు. మా అమ్మ గా అంగట్ల ముప్పై ఏండ్లు పెరుగమ్మింది. మా బర్రెలవి, మేనమామలవి, అందరి పాలు తోడేసి ఈమె ఒక్కతే మోసుకొచ్చేది. ఎండకు పక్కన రేకుల షెడ్డు నీడ అందేది. గందుకే గా జాగ ఎవలకియ్యకపోయేది. ఇప్పుడు అంగడిని బైపాస్ కాడికి తీస్కపోతే గింత ముసలోళ్ళు యాడికి పోతరు? కుండెత్తుకొని లారీల నడుమ రోడ్డు దాటాల్నా?”

“ఈ మాట పార్టీ వాళ్ళకు చెప్పలేదా సార్?”

“చెప్పిన. కత్తెరల ఉన్నన్ని రోజులు చెప్పిన. పద్దెనిమిదేండ్లు ఉన్న అండ్ల. ఆఖరికి నిరుడు కాయితం మీదికెక్కిచ్చిన. ‘అంగడి కదలదు, అంగడికి నీడ వస్తుంది.’”

“అది రాకేష్ గారి స్లోగన్ కదా సార్. ఆటోలో రోజూ వినిపిస్తోంది.”

“నాది పుష్పా. గా మాట నాది. వాడు మైకుల నా కాయితమే సదువుతున్నడు. ఒక్క అక్షరం మార్చలే. ఆటో మా ఇంటి ముందుకెల్లి పోతుంటే నా ప్రచారం నాకే ఎదురొస్తున్నట్టున్నది.”

“మరి ఎందుకు వచ్చేశారు అక్కణ్ణుంచి?”

“టికెట్ వానికిచ్చిండ్రు. పోస్టర్లు అతికిచ్చింది నేను, దెబ్బలు తిన్నది నేను. టికెట్ వానికని పొద్దుగాల తెల్సింది. పగటీలికి నిచ్చెనోళ్ళు ఇంటికొచ్చిండ్రు. పొద్దుగూకేసరికి నా మెడల కండువ మారింది. గప్పుడు అంగడి సంగతి యాదికి రాలే. రోషమే యాదికున్నది.”

“సార్, మీతో ఒకటి చెప్పాలి. ఈ క్విజ్ నిజానికి—”

“నిజమే చెప్తున్నది. నా ఏడుపు గదే.”

“అది కాదు సార్, దాని లోపల—”

“ఇంట్ల పెండ్లాం కనిపెట్టలే. పార్టీ కనిపెట్టలే. గీ డబ్బా కనిపెట్టింది. నేను మేనిఫెస్టో నొక్కినా, ‘ధనుంజయ్, నీ కడుపుల మాట ఇది కాదు’ అంటున్నది. నీకు దండం పెడ్త, దాన్ని ముట్టుకోకు.”

“ముట్టుకోను సార్. ముందు నేను చెప్పేది—”

“ఏడో ప్రశ్నకు నొక్కు.”

“ఏది నొక్కమంటారు?”

“‘ఉన్నచోటనే.’ ఒక్కసారన్న నా చేత్తోని కాకుంట ఇంకొకల చేత్తోని నొక్కితే సూస్త.”

“నొక్కాను. చివర్లో మీ ఫోన్ నంబరు కొట్టండి.”

“కొట్టిన.”

“వచ్చింది సార్, పేరు—”

“చెప్పకు. పూలు కనపడ్తున్నయ్.”

*

పోలింగ్ ముందురోజు మధ్యాహ్నం ధనుంజయ్ భార్య అలివేలు అన్నం క్యారేజీతో ఆఫీసుకు వచ్చింది. ఆమె ఎప్పుడూ మెట్లెక్కి పైకి వచ్చే మనిషి కాదు. ఆయన మూడు రోజులుగా ఇంట్లో సరిగా తినడం లేదని పుష్పలతతో చెప్పి, గిన్నెలు విప్పి ఆయన ముందు పెట్టింది.

“తిను. రేపు ఓట్లు పెట్టుకొని గీ మొకమేంది?”

“తింటున్న గదా అలివేలు.”

“కలుపుతున్నవ్, తింటలేవ్. పుష్పా, మీ సారుకు ఏమైంది?”

“నాకేం తెలుసండీ.”

“నీకే తెల్సట. ‘పుష్పకు చెప్పిన, పుష్పకు చెప్పిన’ అని నిద్రల కలవరిస్తున్నడు. ఏం చెప్పిండు?”

“క్విజ్ గురించండీ.”

“గదా. నేను గూడ నొక్కిన ఇయ్యాల పొద్దుగాల. మా చెల్లె చెప్పింది, మస్తు నిజం చెప్తదని.”

“నువ్వు నొక్కినవా? ఏమొచ్చింది?”

“ఏమొస్తది? నిచ్చెననే వచ్చింది. పూలు గూడ రాలినయ్ నీ పేరు మీద.”

“నీకు నిచ్చెన వచ్చిందా?”

“గట్ల సూస్తున్నవేంది? నీ పెండ్లాన్ని, నాకు రాకుంటే ఎవలకొస్తది?”

“ఏడో ప్రశ్నకు ఏం నొక్కినవ్? అంగడి.”

“ఉన్నచోటనే ఉండాలె అన్న. అత్తమ్మ కూసున్న జాగ అది. బైపాస్ కాడికి ఎవడు పోతడు?”

“అంగడి కదలద్దని నొక్కితే గూడ నీకు నిచ్చెన వచ్చిందా?”

“వచ్చింది.”

“మోరీ ప్రశ్నకు?”

“మోరీయే కావాలన్న.”

“నేను నొక్కినయే నొక్కినవ్ గదా మరి. పుష్పా, ఇదెట్లయితది?”

“అది… అమ్మగారి మనసు వేరు కదా సార్.”

“గదే అయ్యుంటది. నువ్వు నా మీది పాణంతోని నొక్కినవ్ అలివేలు. అది గా పాణం పట్టింది.”

“పాణమా? నేను పప్పు పొయ్యి మీద పెట్టి నొక్కిన. మాడింది గూడ. గిదిగో, నువ్వు తింటున్నది గదే. నీకేమొచ్చింది?”

“నాకా?”

“నీకే.”

“నాకు… నిచ్చెననే.”

“మరింకేం. ఇంటిల్లిపాదికి ఒక్కటే వచ్చింది. తిను.”

*

మార్చి ముప్పైన ఓట్లు పడ్డాయి. లెక్కింపు మాత్రం మే నెల దాకా జరగలేదు. ఆ నలభై రోజులూ ధనుంజయ్ క్విజ్ మాట ఎత్తలేదు, పుష్పలతా ఎత్తలేదు. మే పన్నెండు పొద్దున ఏజెంటుగా అలివేలు లెక్కింపు కేంద్రానికి వెళ్ళింది. ధనుంజయ్ ఆఫీసులోనే ఉండిపోయాడు. పదకొండు గంటలకు ఆమె ఒక కాగితం పట్టుకుని ఒగర్చుకుంటూ మెట్లెక్కింది.

“ఒక్క ఓటు. ఇంటున్నవా? ఒక్క ఓటు. రాకేష్‌కు ఆరొందల పన్నెండు, నీకు ఆరొందల పదకొండు.”

“ఇన్న. దేవ్‌సింగ్ ఫోన్ చేసిండు.”

“మల్ల లెక్కపెట్టుమని అడగనీకి అరగంట టైమిచ్చిండ్రు. వచ్చేసరికే పది నిమిషాలు పోయింది. గీడ సంతకం పెట్టు.”

“పెడ్త.”

“పెట్టు మరి.”

“పెన్ను రాస్తలేదు.”

“పుష్పా, ఇంకో పెన్నియ్యమ్మా.”

“ఇదిగోండి.”

“ఇది గూడ రాస్తలేదు.”

“రాసి సూడకుంటనే చెప్తున్నవ్. ఏమైందయ్యా నీకు?”

“మిషన్ల లెక్క తప్పు పోదు అలివేలు.”

“పోతదో పోదో గాళ్ళు చెప్తరు. ఒక్క ఓటుతోని పోతుంటే ఎవడన్న ఊకుంటడా? మన ఇంటియే మూడు పడ్డయ్. నేను ఏసిన. అత్తమ్మ ఏసింది. నువ్వు ఏసినవ్.”

“పుష్పా, కింద స్క్రోలింగ్ ఏం పోతున్నది?”

“పార్టీ ఆఫీసు నుంచి పంపారు సార్. ‘ధనుంజయ్‌కు నైతిక విజయం’ అని.”

“తియ్యి దాన్ని. ‘ధనుంజయ్ ఓడిపోయాడు’ అని పెట్టు.”

“ఆ మాట మన ఛానల్‌లో పెట్టమంటారా?”

“పెట్టు. ఒక్క ఓటు తేడా అని గూడ పెట్టు.”

“నేను అడిగినదానికి జవాబు చెప్పు. నువ్వు ఏసినవ్ గదా?”

“ఓటైతే ఏసిన.”

“‘ఓటైతే’ ఏంది?”

“ఓటు రహస్యం అలివేలు. చట్టం గట్లున్నది.”

“నిలబడ్డోనికి ఏం రహస్యమయ్యా? ఎవలకేసినవ్?”

“పుష్పా, స్క్రోలింగ్ మార్చినవా?”

“నా మొకం సూడు. ఎవలకేసినవ్?”

“కత్తెరకు.”

“నీ మీద నువ్వే ఏసుకున్నవా?”

“బటన్ మీదికి ఏలు పోయేదాక నిచ్చెనకే ఏద్దామనుకున్న. అమ్మ నా ఎనక లైన్ల నిలబడి ఉన్నది. గామెను సూసిన. ఏలు అటు పోయింది.”

“ఎవడన్న మందు పెట్టిండా? రాకేష్ గాడు ఏమన్న చెప్పిండా?”

“వాడు కాదు. క్విజ్ చెప్పింది. నేను నొక్కిన పదకొండుసార్లూ చెప్పింది.”

“గా క్విజ్ నాకు నిచ్చెన అన్నది. నువ్వేం నొక్కినవో నేను గదే నొక్కిన అంటివి. నాకొకటి నీకొకటి ఎట్ల చెప్తది?”

“మనసుల ఉన్నది పడ్తది అది. పుష్పా, నువ్వన్న చెప్పు ఈమెకు. గా తెలివి పెట్టింది నువ్వే గదా.”

“సార్… అది జవాబులు చూడదు.”

“ఏం సూడదు?”

“మనం ఏం నొక్కామో చూడదు సార్. ఎవరి జవాబు ఎవరికి దగ్గరో లెక్కగట్టే పని రాయడానికి నాకు ఇంకో నాలుగు రోజులు కావాలి. మీరు సోమవారానికే కావాలన్నారు. అప్పటిదాకా ఏదో ఒక పేరు రావాలి కదా అని, చివర్లో కొట్టే ఫోన్ నంబరు చూసి చెప్పేలా పెట్టాను. ఆఖరి అంకె సరి అయితే నిచ్చెన, బేసి అయితే కత్తెర. మీ నంబరుకు చివర ఏడు. అమ్మగారిది నాలుగు. రెండుసార్లు చెప్పబోయాను సార్. మీరు చెప్పనివ్వలేదు. తర్వాత ఊళ్ళో అందరూ నమ్మారు, మీరూ నమ్మారు, నాకు నోరు రాలేదు. నన్ను తీసేసినా నేనేం—”

“ఆగు. అంటే నేను మోరీ అన్నా, రోడ్డు అన్నా?”

“కత్తెరే సార్.”

“ఏం నొక్కకుంట పంపినా?”

“కత్తెరే.”

“ఊరు ఊరంత నిజం చెప్తున్నదన్నరు దాన్ని.”

“ఊళ్ళో సగం నంబర్లు సరి, సగం బేసి సార్.”

“నా కడుపుల ఏమున్నదో దానికి తెల్వనే తెల్వదా?”

“దానికి మీ నంబరొక్కటే తెలుసు సార్.”

“ఇన్నవా? ఫోను నంబర్ల ఏడున్నదని కుర్చీ పోగొట్టుకున్నవ్. అయిందేదో అయింది. ఇంకా పదిహేను నిమిషాలున్నది, నీ ఓటు సంగతి నేను ఎవ్వలకు చెప్ప. మల్ల లెక్కపెడ్తే రాకేష్‌ది ఒకటో రెండో తప్పు తేలుతయేమో. సంతకం పెట్టు.”

“ఆగు అలివేలు. దానికి తెల్వకుంటే, మరి నాకు చెప్పిందెవలు? ఎవ్వలు చెప్పలే. పద్దెనిమిదేండ్లు కత్తెరోళ్ళు ఎయ్యమన్నోనికి ఏసిన, మొన్నటిదాక నిచ్చెనోళ్ళు చెప్పిన మాటే మాట్లాడిన. నా అంతట నేను ఏసుకున్న ఓటు, పుట్టి బుద్ధెరిగినంక, గదొక్కటే. దాన్ని నేను మల్ల లెక్కపెట్టియ్య.”